రంగులక్క సంతకం చెయ్యని పేజీ

రంగులక్కకి ముక్కుమీద కోపం అని ప్రెస్సులో అందరూ అంటారు. అది శుద్ధ అబద్ధం. ఆవిడ కోపం ముక్కుమీద ఉండదు, చేతిలోని ఇంకు కత్తిలో ఉంటుంది. రంగు కుదరకపోతే ఆ కత్తితో గాజు పలకమీద టకటకా కొడుతుంది. ఆ చప్పుడు వినబడిందంటే పక్క గదిలో బైండింగ్ చేసేవాళ్ళు కూడా కబుర్లు కట్టిపెట్టి బుద్ధిగా కాగితాలు మడతపెట్టుకుంటారు.

ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆవిడ పని రంగులు కలపడం. మెట్ల పక్కన ఒక ఇరుకు గది, ఉత్తరం వైపు కిటికీ, కిటికీ కింద బల్ల, బల్లమీద గాజు పలక, గోడ పొడుగునా ఇంకు డబ్బాలు. డబ్బా మూతమీద ఎండిపోయిన రంగే దాని పేరు. కొత్తగా చేరినవాళ్ళు కొలతలు రాసుకోబోతే ఆవిడకి నవ్వొస్తుంది. ఎరుపులో ఇంత తెలుపు, కత్తి మొనకి అంటినంత నీలం వేసి, బాగా నూరి, వేలితో కాగితంమీద అద్ది, కిటికీ దగ్గర ఒక కన్ను మూసి చూస్తుంది. కుదిరితే "ఊఁ" అంటుంది. అంతకు మించిన మెప్పు ఆవిడ నోటినుంచి ఎవరూ వినలేదు, తనని తాను కూడా మెచ్చుకోలేదు. ఇంటికెళ్ళి ఎంత తోముకున్నా గోళ్ళ అంచున ఏదో ఒక రంగు మిగిలే ఉంటుంది. బస్సు డ్రైవరుగా రిటైరైన ఆవిడ మొగుడు ఆ గోళ్ళు చూసే, ఆ రోజు ప్రెస్సులో ఏం అచ్చయిందో చెప్పేస్తాడు.

ఆ ప్రెస్సులో ఒక పద్ధతి ఉంది. ఇప్పటి యజమాని తండ్రి, అందరూ పెద్దాయన అనేవారు, ఆయన పెట్టిన పద్ధతి. ఏ పనికైనా మిషన్ మీద రంగు సరిచూసుకున్నాక ఒక మంచి షీటు బయటికి తీస్తారు. రంగు కలిపినవాళ్ళు దాన్ని భూతద్దంతో చూసి, అంచున సంతకం పెడతారు. దాన్నే పాస్ షీటు అంటారు. ఆ సంతకం పడకుండా మిషన్ తిరగదు. యజమాని మెట్లమీద నించుని అరిచి గోలపెట్టినా తిరగదు. సంతకం చెయ్యనంటే ఎందుకు చెయ్యలేదో అదే షీటుమీద రాసి, దానికింద సంతకం పెట్టాలి. "రంగు పలచన", "గీత జరిగింది" లాంటివి. వేరేవాళ్ళు కలిపిన రంగుకి ఇంకొకరు సంతకం పెట్టడం ఆ ప్రెస్సులో ఎంగిలి కంచంలో తినడంతో సమానం.

ఇక రెండో సంగతి. రంగులక్క ఇంటి మేడమీద గదిలో ఒక నర్సు అద్దెకుంటోంది. దూరదేశపు పిల్ల. ఆ దేశం చిన్నది, పటంలో చూస్తే బొటనవేలి గోరంత. పొరుగు దేశపు సైన్యం దానిలోకి వచ్చి కూర్చుని పాతికేళ్ళు దాటింది. వచ్చినవాళ్ళు వెళ్ళలేదు, ఇది మా ఇల్లే అంటున్నారు. వచ్చిన కొత్తలో ఒకరోజు ఆ పిల్ల కింద టీ తాగుతూ, బల్లమీద ఉన్న పాత స్కూలు అట్లాసు తిరగేసింది. నలభై ఒకటో పేజీ దగ్గర ఆగిపోయింది. కప్పులో టీ చల్లారిపోయినా తల ఎత్తలేదు.

"ఏమైందమ్మా?" అంది రంగులక్క.

"మా దేశం ఉంది అక్కా" అంది ఆ పిల్ల. అప్పటికి భాష సగమే వచ్చు. "మా బడిలో పటంలో ఉండదు. మా మేష్టారు బోర్డుమీద గీశారు. మర్నాడు ఆయన్ని తీసుకెళ్ళిపోయారు. మళ్ళీ రాలేదు."

రంగులక్క పేజీ తనవైపు తిప్పుకుంది. గోరంత దేశం, లేత ఆకుపచ్చ కలిసిన పసుపు రంగులో. చుట్టూ గులాబీ, నీలం, గోధుమ రంగు. ఆ పసుపు తను కలిపిందే. పదిహేడేళ్ళ కిందట కలిపింది. చుట్టుపక్కల దేశాలకి మిగతా రంగులన్నీ పోగా ఇదొక్కటే మిగిలిందని కలిపింది తప్ప అందులో ఇంకే గొప్పతనమూ లేదు. ఆ సంగతి చెప్పబోయి ఊరుకుంది. ఎదురుగా ఒక మనిషి ఆ గోరంత చోటుని చూసి కళ్ళు తుడుచుకుంటుంటే, అది మిగిలిపోయిన రంగని చెప్పడానికి నోరు రాలేదు.

ఆ దేశానికి మద్దతుగా కమిటీ అలా మొదలైంది. అందులో ఏడుగురు. రిటైరైన పెద్ద పంతులమ్మ అధ్యక్షురాలు. ఆవిడ ఏ సంఘంలో చేరినా అధ్యక్షురాలే, అది ఆవిడ జాతకం. మందుల షాపాయన, ఒక ప్లంబరు, బట్టలు కుట్టే అక్కాచెల్లెళ్ళిద్దరు, రంగులక్క, గొడుగు పట్టుకోవడానికని వచ్చి ఇరుక్కుపోయిన ఆవిడ మొగుడు. ప్రతి శుక్రవారం సాయంత్రం ఐదునుంచి ఆరుదాకా, ఆక్రమించిన దేశపు కాన్సులేటు ముందు అట్టలు పట్టుకుని నించునేవాళ్ళు. నాలుగు నెలలు ఎండనకా వాననకా నించున్నారు. ఒక శుక్రవారం తెల్లకోటు వేసుకున్న ఒకాయన కిందికి దిగొచ్చి, చేతులు జోడించి, "అమ్మా, నావల్ల ఎవరికి ఏం అన్యాయం జరిగిందో చెప్పండి, పన్ను ఊరికే కట్టిస్తాను" అన్నాడు. విచారిస్తే, కాన్సులేటు ఏడాది కిందటే వేరే వీధికి వెళ్ళిపోయింది. ఆ అంతస్తులో ఇప్పుడున్నది పళ్ళ డాక్టరు. "ఆక్రమణ ఆపండి" అన్న అట్టలు చూసి పాపం ఆయన పేషంట్లు సగానికి సగం వెనక్కి తిరిగిపోయారట. పెద్ద పంతులమ్మ ఆ రోజు క్షమాపణ చెప్పిన తీరు కూడా ఉపన్యాసంలాగే ఉంది. అయితే ఒకటి, ఆ డాక్టరు ఆ తర్వాత కమిటీకి ఎనిమిదోవాడయ్యాడు.

నవ్వుకోండి, తప్పులేదు. వాళ్ళూ నవ్వుకున్నారు. కానీ ఆరేళ్ళపాటు ఒక్క శుక్రవారం మానకుండా, తమకి బంధుత్వం లేని, ఎప్పుడూ చూడని దేశం కోసం ఆ ఎనిమిదిమంది రోడ్డు పక్కన నించున్నారు. ఈ మాట చెప్పడానికి నాకు గర్వంగా ఉంది.

రంగులక్క రిటైరవడానికి ఇంకా ఎనిమిది నెలలుందనగా ఆ అట్లాసు కొత్త ముద్రణ వచ్చింది. ప్రెస్సుకి అది పెద్ద పని. ఆరు రంగులు, రంగుకొక అచ్చు ప్లేటు, ప్రతి కాగితమూ ఆరుసార్లు మిషన్లోకి వెళ్ళి రావాలి. పబ్లిషరు కొత్త ప్లేట్లు పంపాడు. మొదటి నాలుగు రోజులూ వేరే పేజీలు, ఏ గొడవా లేదు. ఐదోనాడు గులాబీ ప్లేటు ఎక్కించారు. నలభై ఒకటో పేజీ షీటుని మిషన్ మామ రెండు చేతులతో పట్టుకొచ్చి బల్లమీద పరిచాడు. మిషన్ మామ అంటే మిషన్ నడిపే పెద్దమనిషి, అందరికీ మామే.

రంగులక్క భూతద్దం పెట్టింది. గులాబీ బ్రహ్మాండంగా కుదిరింది. పేజీమీద మెల్లిగా జరుపుతూ వచ్చి, ఒకచోట ఆగింది. భూతద్దం తీసి పని కోటు అంచుతో తుడిచి మళ్ళీ పెట్టింది. గోరంత దేశం లేదు. ఉండాల్సిన చోట పొరుగు దేశపు గులాబీ నిండుగా పరుచుకుని ఉంది. సరిహద్దు గీత కూడా తీసేశారు.

"ఏం అక్కా, రంగు తేడా వచ్చిందా?" అన్నాడు మామ.

"రంగు బానే ఉంది" అంది రంగులక్క. పెన్ను మూత పెట్టేసింది. "మిషన్ ఆపెయ్ మామా."

పావుగంటలో పైనుంచి చినబాబు దిగొచ్చాడు. చినబాబు అంటే పెద్దాయన కొడుకు, ఇప్పటి యజమాని. నలభై ఏళ్ళొచ్చినా ప్రెస్సులో చినబాబే. నిక్కర్లేసుకునే వయసులో రంగులక్క పలకమీద వేళ్ళు ముంచి తిట్లు తిన్నవాడు.

"ఏంటక్కా ఇది? ఆ పబ్లిషరు తన పుస్తకాలు ఆ పక్క దేశంలో కూడా అమ్ముకుంటాడట. వాళ్ళు ఇలా ఉంటేనే కొంటామన్నారు. వాళ్ళూ వాళ్ళూ చూసుకుంటారు. మధ్యలో మనకెందుకు?"

"మీకెందుకో నాకు తెలీదు బాబూ. నాకు మాత్రం ఎందుకో తెలుసు."

"నువ్వు సంతకం పెట్టేది రంగుకి కదా! పటానికి కాదుగా?"

"ఏ చోట ఏ రంగు పడాలో అదే కదా బాబూ నా సంతకం. మందు సీసా లేబులుమీద ఎర్రగీత పడాల్సిన చోట నల్లగీత పడితే, నలుపు బాగా కుదిరిందని పాస్ చేస్తానా?"

చినబాబు షీటుని మళ్ళీ ఒకసారి చూశాడు. అతను చెడ్డవాడు కాదు. పదహారుమంది జీతాలు అతని నెత్తిమీద ఉన్నాయి, ఈ పని పోతే ఏడాదంతా ఈదలేడు. చివరికి గొంతు తగ్గించి, "రేపు మధ్యాహ్నందాకా టైమిస్తున్నా. అప్పటికీ కాదంటే నిన్ను ఉంచుకోలేను అక్కా. ఎనిమిది నెలల కోసం ముప్ఫై ఏళ్ళది పాడుచేసుకోకు" అన్నాడు.

ఆ సాయంత్రం ఇంట్లో మొగుడు గోళ్ళు చూశాడు. "గులాబీ. మరి మొహం నల్లగా ఉందేం?" అన్నాడు. ఆవిడ చెప్పింది. ఆయన లేచి టీ పెట్టుకొచ్చాడు. ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపినవాడు కదా, మలుపు దగ్గర నోరు మూసుకోవడం తెలుసు. కబురు తెలిసి కమిటీ అంతా ఊడిపడింది. రేపు పొద్దున్నే ప్రెస్సు గేటు ముందు నించుందామని పెద్ద పంతులమ్మ అప్పుడే నినాదం కూడా రాసేసింది.

"ఎవరైనా గేటు దగ్గరికొచ్చారో, నేను ముందు మీమీద అరుస్తా" అంది రంగులక్క. "అది నా ప్రెస్సు. నా గడప ముందు నాకు మద్దతేంటి? మీరు శుక్రవారం మీ చోట నించోండి. ఇది నా పని, నేను చూసుకుంటా."

అందరూ వెళ్ళాక నర్సు మెట్లమీదే కూర్చుని ఉంది. "సంతకం పెట్టెయ్యి అక్కా" అంది. "ఎందరో ఏవేవో పోగొట్టుకున్నారు మాకోసం. చాలు. నీ ఉద్యోగం కూడా ఆ లెక్కలోకి వద్దు. కాగితంమీద రంగే కదా."

రంగులక్కకి అప్పుడొచ్చింది కోపం. "రంగే కదా అని ఇంకెప్పుడూ నా ముందు అనకు" అంది. తర్వాత ఆ పిల్ల మొహం చూసి మెత్తబడింది. "నీకోసం కాదు తల్లీ. నేను తప్పుకి సంతకం పెట్టే మనిషిని కాదు. అది నీ దేశం కావడం నీ అదృష్టం, అంతే."

అని పైకి అందిగానీ, ఆవిడకి లోపల భయంగానే ఉంది. ఆ గది, ఆ కిటికీ, ఆ పలక లేకుండా తను ఏం మనిషో ఆవిడకి తెలీదు.

మర్నాడు పొద్దున వెళ్ళేసరికి గదిలో శిష్యురాలు గులాబీ కలుపుతోంది. నాలుగేళ్ళుగా రంగులక్క దగ్గర పని నేర్చుకుంటున్న పిల్ల, ఇద్దరు బిడ్డల తల్లి. అక్క చెయ్యకపోతే నువ్వు కలిపి నువ్వు పాస్ చెయ్యమని చినబాబు చెప్పాడట. పాపం కాదనలేకపోయింది. రంగులక్క బయట బల్లమీద కూర్చుంది.

మొదటిసారి షీటు తీశారు. గులాబీ నారింజలోకి పోయింది. "కుదర్లేదు" అంది శిష్యురాలు, కారణం రాసి సంతకం పెట్టింది. రోలర్లు కడిగారు. రెండోసారి ఇటుకరంగు వచ్చింది. "కుదర్లేదు." మళ్ళీ కడిగారు. మూడోసారి వచ్చినదాన్ని ఏ రంగనాలో ఎవరికీ తెలీలేదు. మిషన్ మామ మొహం గంభీరంగా పెట్టి, "ఇవాళ గాలిలో తేమ ఎక్కువుందండీ" అన్నాడు చినబాబుతో. బయట ఎండ మాడ్చేస్తోంది. బైండింగ్ గదిలో ఎవరో నవ్వాపుకోలేక దగ్గారు. రంగులు చెడగొట్టి పొద్దు గడిపేస్తే పబ్లిషరే విసిగి ప్లేట్లు పట్టుకుపోతాడు, ఎవరి మీదికీ మాట రాదు. అదీ వీళ్ళ ఎత్తు. తెలివైన ఎత్తే.

నాలుగో షీటు బల్లమీద పడగానే గాజు పలకమీద కత్తి చప్పుడైంది. టకటకటక. అందరూ బిగుసుకుపోయారు.

"ఏంటిది?" అంది రంగులక్క, ఆ షీటు ఎత్తి చూపిస్తూ. "నా దగ్గర నాలుగేళ్ళు నేర్చుకుని కలిపే గులాబీ ఇదా?"

"నీకోసమే అక్కా..." అని శిష్యురాలు నీళ్ళు నమిలింది.

"నాకోసం ఇంకు తగలేస్తావా? చెయ్యనంటే చెయ్యనని చెప్పు, చేస్తానంటే సరిగ్గా చెయ్యి. చేతకానట్టు నటిస్తే, రేపు ఆ పబ్లిషరు మనల్ని పని రానివాళ్ళంటాడు. మన పని మనకి వచ్చు. వచ్చి కూడా చెయ్యం అంటున్నాం. ఆ తేడా వాడికి తెలియాలా వద్దా?"

పలక తుడిచింది. తాజాగా ఎరుపు తీసింది, తెలుపు తీసింది, కత్తి మొనకి అంటినంత నీలం. నూరింది. వేలితో అద్ది కిటికీ దగ్గర ఒక కన్ను మూసి చూసింది. "ఊఁ" అంది. మామ మిషన్ తిప్పి షీటు తెచ్చాడు. అంత అందమైన గులాబీ ఆ ప్రెస్సులో అంతకుముందు అచ్చవలేదని మామ ఇప్పటికీ అంటాడు.

చినబాబు ఊపిరి పీల్చుకున్నాడు. పెన్ను తనే తీసి అందించాడు. రంగులక్క తీసుకుని, షీటు అంచున, గుండ్రటి అక్షరాల్లో, తొందరపడకుండా రాసింది: "రంగు సరిగ్గా ఉంది. దేశం తప్పుగా ఉంది. ఇక్కడ ఒక దేశాన్ని తీసేశారు. పాస్ చెయ్యను." కింద సంతకం పెట్టింది. తేదీ వేసింది.

"ఇలా రాస్తే నేను నిన్ను కాపాడలేనక్కా" అన్నాడు చినబాబు. నిజంగానే బాధపడ్డాడు.

"తెలుసు బాబూ."

శిష్యురాలు చెయ్యి చాచి ఆ పెన్ను తీసుకుంది. అక్క సంతకం కింద తన సంతకం పెట్టి, "నాకు రంగు కలపడం వచ్చండీ. ఈ పేజీకి కలపను" అంది. పెన్ను మిషన్ మామ చేతికి వెళ్ళింది. ఆయనకి అక్షరాలు పెద్దగా రావు, అయినా షీటు మీద జాగా చూసుకుని నిలువుగా రాశాడు. బైండింగ్ గదినుంచి ఒక్కొక్కరే చేతులు తుడుచుకుంటూ వచ్చారు. ఎవరూ ఎవర్నీ పిలవలేదు. పేజీమీద గులాబీ రంగున్న చోటల్లా సంతకాలు పరుచుకున్నాయి.

చినబాబు ఆ షీటు పట్టుకుని మేడమీదికి వెళ్ళాడు. గాజు తలుపు వెనక ఫోను మాట్లాడటం కింద అందరికీ కనిపిస్తోంది. మొదట బతిమాలుతున్నట్టే ఉన్నాడు. తర్వాత వింటూ నించున్నాడు. అవతలివాడు ఏమన్నాడో ఏమో, ఉన్నట్టుండి గొంతు లేచింది. తలుపు మూసున్నా మాట కిందికి వినబడింది. "మా ప్రెస్సులో పని చేతకానివాళ్ళు ఎవరూ లేరండీ. పేజీ తప్పు. అందుకే పాస్ కాలేదు. పటం సరిచేసి పంపితే మేమే వేస్తాం, లేదంటే ప్లేట్లు పట్టుకెళ్ళండి."

దిగొచ్చి, ఎవరి మొహమూ చూడకుండా, "ప్లేట్లు కట్టెయ్యండి" అన్నాడు. వెళ్ళబోతూ రంగులక్క దగ్గర ఆగాడు. "ఈ ఎనిమిది నెలలూ నీకు దగ్గుమందు లేబుళ్ళు తప్ప ఇంకేం ఇవ్వను" అన్నాడు. ఆవిడకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దగ్గుమందు లేబుళ్ళంటే ఆవిడకి అంత ఇష్టమని అంతవరకూ ఎవరికీ తెలీదు.

అట్లాసు ఆగిపోలేదు. అలా ఆగుంటే బావుండేది, కానీ లేని గెలుపు నేను కల్పించి చెప్పను. పబ్లిషరు పటం సరిచెయ్యలేదు, వేరే ఊళ్ళో వేరే ప్రెస్సులో వేయించుకున్నాడు. నలభై ఒకటో పేజీ గులాబీగానే పిల్లల సంచుల్లోకి వెళ్ళింది. ప్రెస్సుకి ఆ ఏడాది గడ్డుగానే గడిచింది, ఎవర్నీ తీసెయ్యలేదుగానీ కొత్త మిషన్ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. శుక్రవారాలు మాత్రం కళకళలాడాయి. కాన్సులేటు ముందు, ఈసారి సరైన వీధిలోనే, శిష్యురాలూ మిషన్ మామా బైండింగ్ వాళ్ళూ ఇంకు మరకల బట్టలతోనే వచ్చి నించున్నారు. అట్టలు చాలక పెద్ద పంతులమ్మ ఆనందంతో కంగారుపడిపోయింది.

తను ఓడిపోయానని రంగులక్క లోలోపల కొన్నాళ్ళు కుమిలింది. ఒక ఆదివారం పొద్దున్నే నర్సు మెట్లు దిగొచ్చింది. మూడు నెలల తర్వాత వాళ్ళ నాన్నతో ఫోను కలిసిందట. ఆ దేశంలో ఫోనులో అన్నీ మాట్లాడటానికి లేదు. అయినా ఈ పేజీ సంగతి, సంతకాల సంగతి ఎలాగో చెప్పేసిందట.

"ఏమన్నారమ్మా మీ నాన్న?"

"మొదట నమ్మలేదక్కా. ఆవిడ మనవాళ్ళా అన్నారు. కాదన్నాను. మన దేశం ఎప్పుడైనా చూసిందా అన్నారు. లేదన్నాను. మరి ఎవరావిడ అన్నారు. ప్రెస్సులో రంగులు కలుపుతుందని చెప్పాను. మనల్ని తీసేసిన పేజీకి సంతకం పెట్టనందని చెప్పాను." ఆ పిల్ల చివరి మెట్టుమీద కూర్చుంది. "లైను కట్టయిందేమో అనుకున్నా. తర్వాత అన్నారు, 'అయితే మనం ఉన్నామన్నమాట' అని."